మైక్ తర్వాత కొందాం, ముందు ఐదో కాంటూరు అంటే ఏంటో చెప్పండి: నేర్చుకుంటూ పాడ్‌కాస్ట్ చేయడం ఎలా?

పాడ్‌కాస్ట్ పెట్టాలని అనుకున్న రోజుకీ, మొదటి ఎపిసోడ్ బయటికొచ్చే రోజుకీ మధ్యలో చాలామంది చేసే పని ఒక్కటే. మైక్ రివ్యూలు చూడటం. నెల తిరిగేసరికి కార్ట్‌లో మూడు మైకులుంటాయి, ఫోన్‌లో ఒక్క రికార్డింగ్ కూడా ఉండదు. మైకులు రివ్యూ చేసే సైట్‌లోనే ఈ మాట రాయడం విడ్డూరంగా ఉండొచ్చు. కానీ ఈసారి మైక్ సంగతి రెండో సగంలో చూద్దాం. మొదటి సగం అంతా ఏం మాట్లాడాలి అనే దాని గురించే.

ఇక్కడ చెప్పబోయేది సెలబ్రిటీ ఇంటర్వ్యూల పాడ్‌కాస్ట్ గురించి కాదు, "సక్సెస్‌కి ఏడు సూత్రాలు" టైపు గురించి అసలే కాదు. మీరు ఏదో ఒక విషయం నేర్చుకుంటున్నారు. అది పైథాన్ కావచ్చు, పక్షులు కావచ్చు, మీ ఊరి కాలువ కావచ్చు. ఆ నేర్చుకోవడాన్నే వారం వారం రికార్డ్ చేస్తూ పోవడం. ఎక్స్‌పర్ట్ అయ్యాక చెప్పడం కాకుండా, అవుతూ ఉండగా చెప్పడం అన్నమాట. దీనికి ఉదాహరణగా కొల్లేటికోటను తీసుకుందాం. కైకలూరు మండలంలో కొల్లేరు మధ్యన ఉన్న ఊరు, పెద్దింట్లమ్మ గుడి ఉన్న ఊరు. రికార్డింగ్‌కి అంత కష్టమైన చోటు దొరకదు. ఆపకుండా గాలి, చేపల చెరువుల్లో ఏరియేటర్ల చప్పుడు, పక్షుల గోల, ఫాల్గుణంలో జాతర మైకులు. నేర్చుకోవడానికి మాత్రం అంత సులువైన చోటు దొరకదు. విషయం తెలిసినవాళ్లు గట్టు మీదే కూర్చుని ఉంటారు.

చిన్న పరీక్ష: ఐదో కాంటూరు

ఏలూరు, కైకలూరు, ఆకివీడు వైపు పెరిగిన వాళ్లెవరినైనా అడగండి, "ఐదో కాంటూరు" అనే మాట వినే ఉంటారు. పేపర్లో వస్తుంది, ఎన్నికల ప్రచారంలో వస్తుంది, టీ కొట్టు దగ్గర వస్తుంది. "ఐదో కాంటూరు లోపల చెరువులు ఉండకూడదంట", "మూడుకి తగ్గించాలంట". అందరికీ తెలిసిన మాటే.

సరే, ఇప్పుడు ఫోన్‌లో వాయిస్ రికార్డర్ ఆన్ చేయండి. ఎదురుగా ఏమీ తెలియని తమ్ముడో చెల్లెలో కూర్చున్నట్టు ఊహించుకుని, కాంటూరు అంటే ఏంటో రెండు నిమిషాలు చెప్పండి. ఐదు అంటే ఐదు ఏంటి? అడుగులా, మీటర్లా? ఎక్కడి నుంచి ఐదు? నీళ్లు పెరిగితే కాంటూరు కూడా పెరుగుతుందా? చాలామంది నలభై సెకన్లలో ఆగిపోతారు. ఆ ఆగిన చోటు చాలా విలువైనది. మీ పాడ్‌కాస్ట్ మొదలవ్వాల్సింది అక్కడే.

దీని మీద మంచి పరిశోధనే ఉంది. యేల్ యూనివర్సిటీకి చెందిన లియోనిడ్ రోజెన్‌బ్లిట్, ఫ్రాంక్ కీల్ 2002లో ఒక పేపర్ ప్రచురించారు. జిప్, ఫ్లష్ టాయిలెట్, తాళం లాంటి మామూలు వస్తువులు ఎలా పనిచేస్తాయో మీకు ఎంత బాగా తెలుసు అని ముందు మార్కులు వేసుకోమన్నారు. తర్వాత అడుగడుగునా వివరించమన్నారు. వివరించాక మళ్లీ మార్కులు వేసుకోమంటే జనం తమ మార్కులు తామే తగ్గించుకున్నారు. తెలుసనుకోవడం వేరు, చెప్పగలగడం వేరు. మనసులో అనుకుంటే ఈ తేడా బయటపడదు, నోటితో చెప్తేనే పడుతుంది. రికార్డ్ చేస్తే ఇంకా బాగా పడుతుంది, ఎందుకంటే తర్వాత విని "ఇక్కడ దాటేశాను" అని పట్టుకోవచ్చు.

కాంటూరు సంగతి పూర్తి చేద్దాం, లేకపోతే నిద్రపట్టదు. కాంటూరు అంటే సముద్ర మట్టం నుంచి ఒకే ఎత్తులో ఉన్న చోట్లన్నిటినీ కలుపుతూ మ్యాప్ మీద గీసే గీత. కొల్లేరు విషయంలో ప్లస్ ఐదు అంటే సగటు సముద్ర మట్టానికి ఐదు అడుగులు పైన. ఆ గీత లోపలి భాగాన్ని 1999లో వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం దాదాపు 308 చదరపు కిలోమీటర్లు. అదే ప్లస్ పది అడుగుల గీత తీసుకుంటే దాదాపు 901 చదరపు కిలోమీటర్లు వస్తుంది, 2002లో రామ్‌సర్ చిత్తడి నేలగా గుర్తింపు పొందింది ఆ మొత్తం. ప్లస్ మూడుకి దిగితే దాదాపు 135. అంటే కేవలం రెండు అడుగుల తేడాకి సగానికి పైగా విస్తీర్ణం మాయమవుతుంది. కొల్లేరు పళ్లెంలా అంత చదునుగా ఉంటుంది మరి. గొడవ అంతా ఆ రెండడుగుల మీదే ఎందుకు నడుస్తోందో ఇప్పుడు అర్థమవుతుంది కదా.

గ్యాడ్జెట్ పిచ్చి ఉన్నవాళ్లకి వెంటనే ఇంకో ప్రశ్న వస్తుంది. ఫోన్‌లో ఆల్టిట్యూడ్ యాప్ ఉంది కదా, కొల్లేటికోట గట్టు మీద నిలబడి చూస్తే ఐదు అడుగులు కనిపిస్తుందా? కనిపించదు. ఐదు అడుగులంటే ఒకటిన్నర మీటరు, ఫోన్ జీపీఎస్ ఎత్తు విషయంలో అంతకంటే ఎక్కువే అటూ ఇటూ తప్పుతుంది. పైగా జీపీఎస్ ఎత్తుని కొలిచేది సముద్ర మట్టం నుంచి కాదు, భూమి ఆకారాన్ని లెక్కల్లో నున్నగా గీసుకున్న ఒక ఉపరితలం నుంచి. దక్షిణ భారతంలో అసలు సముద్ర మట్టం ఆ ఉపరితలానికి పదుల మీటర్లు కింద ఉంటుంది. ఆ సవరణ చేయని యాప్ ఓపెన్ చేస్తే కొల్లేరు గట్టు మీద నిలబడ్డ మనిషి సముద్రంలో మునిగిపోయినట్టు మైనస్ అంకె చూపిస్తుంది. చూశారా, ఒక్క మాట దగ్గర మొదలుపెడితే సర్వేయింగ్, చట్టం, జీపీఎస్ మూడూ వచ్చాయి. ఇవి మూడు ఎపిసోడ్లు. టాపిక్ దొరకట్లేదు అనేవాళ్లకి నా సమాధానం ఇదే.

చేపలమ్మే కుర్రాడు, రోమ్ చరిత్ర

"నాకే సరిగ్గా తెలియనప్పుడు నేను చెప్తే ఎవరు వింటారు?" న్యాయమైన అనుమానమే. మైక్ డంకన్ అనే అమెరికన్ 2007లో "ది హిస్టరీ ఆఫ్ రోమ్" అనే పాడ్‌కాస్ట్ మొదలుపెట్టాడు. ప్రొఫెసర్ కాదు, డిగ్రీ చదివింది రాజనీతి శాస్త్రం. ఆ రోజుల్లో బతుకుతెరువు చేపల కౌంటర్ దగ్గర ఉద్యోగం. కొల్లేరు వాళ్లకి ఈ పాయింట్ నచ్చుతుందని తెలుసు. పుస్తకాలు చదువుతూ, చదివింది వారం వారం చెప్పుకుంటూ 2012 మే నాటికి 179వ నంబర్ ఎపిసోడ్‌తో రోమ్ కథ ముగించాడు. తర్వాత ఫ్రెంచ్ విప్లవం, రష్యన్ విప్లవం లాంటివాటి మీద ఇంకో పాడ్‌కాస్ట్ చేశాడు, చరిత్ర పుస్తకాలు రాశాడు. మొదటి ఎపిసోడ్లు ఇప్పుడు వింటే సౌండ్ అంత గొప్పగా ఉండదు, గొంతులో తడబాటు తెలుస్తుంది. కానీ వరసగా వింటూ పోతే ఒక మనిషి చరిత్ర చెప్పడం నేర్చుకోవడం మనకి వినపడుతుంది. ఆ ఎదుగుదలే శ్రోతల్ని పట్టి ఉంచింది అని నా అభిప్రాయం.

అమెరికా దాకా ఎందుకు, మన దగ్గరే ఇంతకంటే గట్టి ఉదాహరణ ఉంది. జహీరాబాద్ దగ్గర మాచునూరులో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఆధ్వర్యంలో నడిచే సంగం రేడియో. జనరల్ నర్సమ్మ, ఆల్గోల్ నర్సమ్మ అనే ఇద్దరు దళిత మహిళలు దాన్ని నడిపిన తీరు దేశమంతా తెలుసు. ప్రసారం మొదలైంది 2008 అక్టోబర్ 15న. కానీ వాళ్లు రికార్డింగ్ మొదలుపెట్టింది అంతకు ఎన్నో ఏళ్ల ముందు. లైసెన్స్ లేదు, ప్రసారం చేసే వీలు లేదు. విత్తనాలు, పంటలు, పండగలు, పాటలు తమ మాటల్లోనే రికార్డ్ చేసి, ఆ టేపులు సంఘం మీటింగుల్లో పెట్టుకుని విన్నారు. ఫాలోవర్లు సున్నా, ప్లాట్‌ఫామ్ సున్నా. లైసెన్స్ వచ్చేసరికి చేతిలో పని, గొంతులో ధైర్యం, అల్మరాలో రికార్డింగులు ఉన్నాయి. మొదటి పది ఎపిసోడ్లకి వ్యూస్ రాలేదని ఆపేసే వాళ్లు ఈ సంగతి ఒకసారి గుర్తు చేసుకోవాలి.

తెలుగులో పాడ్‌కాస్టులు లేకపోలేదు. కథలకి "హర్షణీయం" ఉంది, సినిమా కబుర్లకి లెక్కలేనన్ని ఉన్నాయి. మన ఊరి నేల, నీరు, పని గురించి "నేను నేర్చుకుంటున్నాను, నాతో రండి" అనేవి మాత్రం నాకు చాలా తక్కువ కనిపించాయి. తాడేపల్లిగూడెంలో నిట్ ఉంది, వెంకట్రామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది. ఊరి దగ్గర రెండో ప్రపంచ యుద్ధం నాటి రన్‌వే ఉంది. ఏలూరులో తివాచీలు నేసేవాళ్లున్నారు. ఒక్కోటి ఒక్కో సీజన్.

ఇప్పుడు మైక్ సంగతి

కొల్లేటికోట లాంటి చోటుకి మొదటి పెట్టుబడి మైక్ కాదు, మైక్ మీద తొడిగే బొచ్చు టోపీ. దాన్నే డెడ్ క్యాట్ అంటారు. మైక్‌తో వచ్చే నల్ల స్పాంజి మన ఊపిరి చప్పుడుకి సరిపోతుంది గానీ, సరస్సు మీద గాలికి సరిపోదు. గాలి మైక్ పొరని నేరుగా కొడితే "బుడబుడ" మని వచ్చే చప్పుడు ఏ యాప్‌తోనూ పూర్తిగా పోదు. పల్చటి బొచ్చు గాలి వేగాన్ని విరగ్గొడుతుంది, మాటని లోపలికి రానిస్తుంది. బొచ్చు టోపీ లేకపోతే కాలర్ మైక్‌ని చొక్కా లోపలి వైపు పెట్టి, పైన తువ్వాలు వదులుగా కప్పండి. కొంచెం మందంగా వినిపిస్తుంది, అయినా గాలి చప్పుడు కంటే వెయ్యి రెట్లు నయం.

బడ్జెట్‌లో మొదటి మైక్‌గా బోయా బీవై-ఎం1 లాంటి వైర్డ్ కాలర్ మైక్ ఇప్పటికీ మంచి ఎంపికే. ఆరు మీటర్ల వైరు, ఎల్‌ఆర్44 బటన్ బ్యాటరీ, 3.5 ఎంఎం పిన్. మీ ఫోన్‌లో యూఎస్‌బీ-సి మాత్రమే ఉంటే మైక్‌ని కూడా సపోర్ట్ చేసే కన్వర్టర్ తీసుకోండి, పాటలు వినడానికి మాత్రమే పనికొచ్చేవి కూడా మార్కెట్లో ఉన్నాయి. పెట్టాక మైక్ మీద గోటితో మెల్లగా తట్టి, ఫోన్ మీద కూడా తట్టండి. ఏది పెద్దగా వినిపిస్తే రికార్డ్ అవుతోంది ఆ మైక్‌తోనే. కొన్ని ఫోన్లలో మైక్ గుచ్చినా రికార్డర్ యాప్ సొంత మైక్‌నే వాడుతుంది. ఇంటర్వ్యూ అయ్యాక తెలిస్తే లాభం లేదు.

వైర్‌లెస్ సెట్లు ఇప్పుడు బాగా చిన్నవైపోయాయి. డీజేఐ మైక్ మినీ ట్రాన్స్‌మిటర్ బరువు పది గ్రాములే. పడవలో, నడుస్తూ మాట్లాడేటప్పుడు ఇవి సుఖం. ఒక్కటి గుర్తుంచుకోండి, బాక్స్ మీద రాసిన దూరం అడ్డం లేనప్పటి దూరం. 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌ని మనిషి ఒళ్లు బాగా అడ్డుకుంటుంది. మాట్లాడే ఆయన మీకు వీపు తిప్పి గెడ వేస్తుంటే సిగ్నల్ తెగొచ్చు.

బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌తో రికార్డ్ చేయొచ్చా అని చాలామందికి డౌట్. వద్దు. పాటలు వినేటప్పుడు ఉన్న క్వాలిటీ మైక్ ఆన్ కాగానే ఉండదు. మామూలు బ్లూటూత్ కాల్ మోడ్‌లోకి వెళ్తే శాంప్లింగ్ 8 లేదా 16 కిలోహెర్ట్జ్‌కి పడిపోతుంది. 8 అయితే 4 కిలోహెర్ట్జ్ పైన ఉన్న శబ్దం మొత్తం పోయినట్టే. స, శ, ష ల మధ్య తేడా ఎక్కువగా ఉండేది అక్కడే. ఎల్ఈ ఆడియో సపోర్ట్ ఉన్న కొత్త మోడళ్లలో ఇది మెరుగైంది గానీ, మీ జేబులో ఉన్నది ఏదో మీకే తెలియాలి.

అసలు ఏ మైకూ కొనకపోయినా పర్లేదు. ఇంట్లో ఒంటరిగా మాట్లాడే ఎపిసోడ్‌కి ఫోన్ సొంత మైకే చాలు, దూరం సరిగ్గా ఉంటే. నోటికీ ఫోన్‌కీ మధ్య జానెడు. దూరం రెట్టింపు అయితే మీ గొంతు ఆరు డెసిబెల్స్ తగ్గుతుంది, గదిలో ప్రతిధ్వని మాత్రం తగ్గదు. ఫ్యాన్ ఆపి, బట్టల బీరువా తలుపు తెరిచి దాని ఎదురుగా మాట్లాడండి. స్టూడియో ఫోమ్ చేసే పని ఉతికి మడతపెట్టిన దుప్పట్లు చేస్తాయి. ఏరోప్లేన్ మోడ్ తప్పనిసరి, కాల్ వస్తే చాలా ఫోన్లలో రికార్డింగ్ ఆగిపోతుంది. బయటికి వెళ్లినప్పుడు మాటలన్నీ అయ్యాక ఎవ్వరూ మాట్లాడకుండా ఒక ముప్పై సెకన్లు ఆ చోటుని రికార్డ్ చేసుకోండి. నీళ్లు, దూరంగా ఏరియేటర్, గూడబాతుల రెక్కలు. ఎడిటింగ్‌లో కోసిన చోట అతుకు కనబడకుండా వేయడానికి పనికొస్తుంది, ఆడాసిటీలో నాయిస్ ప్రొఫైల్ తీసుకోవడానికీ పనికొస్తుంది. ఫోన్‌లో నాయిస్ తగ్గించే ఆప్షన్ ఉంటే ఇక్కడ మాత్రం ఆఫ్ చేయండి. దానికి పక్షి కూత కూడా చెత్తే.

బాబాయ్, దీన్ని ఏమంటారు?

కొల్లేరు వాళ్ల దగ్గరికి "సార్, మీ అభిప్రాయం ఏంటి" అని మైక్ పెడితే వాళ్లు టీవీ భాషలోకి మారిపోతారు. "బాబాయ్, దీన్ని ఏమంటారు?" అని చేతిలో ఉన్న వస్తువు చూపించి అడగండి. తాటిదోనె, గెడ, మావు, రకరకాల వలలు. ఒక్కో దానికి పేరు, ఆ పేరు వెనక పని, ఆ పని వెనక ఒక కథ. పెద్దావిడ ఉంటే కొర్రమీనుకీ మట్టగిడసకీ తేడా ఎలా తెలుస్తుందో అడగండి, చేప ఒకప్పటికీ ఇప్పటికీ ఏం మారిందో మీరు అడక్కుండానే వస్తుంది. చెరువుల్లో పెంచే శీలావతి, బొచ్చె గురించి ఒక్క రోజులో తెలుసుకోవచ్చు. పెంచకుండానే దొరికే చేపల పేర్లు మాత్రం వాటిని పట్టిన చేతులతో పాటే పోతున్నాయి.

ఇది కొత్త పద్ధతేమీ కాదు. భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో 1962లో వచ్చిన మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం ఇలాగే జిల్లా జిల్లా తిరిగి, రైతుల్ని అడిగి వ్యవసాయ పదాలు సేకరించిన పుస్తకం. 1971లో చేనేత పదాల సంపుటం వచ్చింది. అప్పటి వాళ్లు నోట్‌బుక్కుల్లో రాసుకున్నారు, మన జేబులో రికార్డర్ ఉంది. అక్కినేని కుటుంబరావు గారి నవల "కొల్లేటి జాడలు" చదివి వెళ్తే అడగడానికి ఇంకా మంచి ప్రశ్నలు దొరుకుతాయి. పుస్తకంలో ఉన్నదీ గట్టు మీద విన్నదీ కలవని చోట ఒక ఎపిసోడ్ ఉందన్నమాట.

ప్రశ్న చిన్నదిగా ఉండాలి. "కొల్లేరు సమస్యల గురించి చెప్పండి" అంటే ఉపన్యాసం వస్తుంది. "బుడమేరుకి వరద వస్తే ఇక్కడ నీళ్లు పెరగడం మీకు ముందు ఎక్కడ తెలుస్తుంది?" అని అడగండి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు విజయవాడని ముంచినప్పుడు మనమంతా టీవీలో చూశాం. ఆ నీళ్లు తర్వాత వచ్చేది కొల్లేటికే. బుడమేరు, తమ్మిలేరు లోపలికి తెస్తాయి, బయటికి పోవడానికి ఉన్న పెద్ద దారి ఉప్పుటేరు ఒక్కటే. ఏలూరు - కైకలూరు రోడ్డు మీద పెదయడ్లగాడి వంతెన దగ్గర నీటి మట్టం ఎంత ఉందనేది ఆ రోజుల్లో అందరూ అడిగే ప్రశ్న. వేసవిలో తిరగబడి ఉప్పునీళ్లు ఉప్పుటేరులోంచి పైకి వస్తాయి. ఇవన్నీ మ్యాప్‌లో చదివితే గీతలు. ఆయన చెయ్యి చాపి "అదిగో, అటు నుంచి" అంటే వేరే సంగతి. రేడియోలో చెయ్యి కనపడదు కాబట్టి "ఎటు వైపు బాబాయ్, గుడి వైపా?" అని మీరు మాటల్లోకి తేవాలి. వీడియో నుంచి ఆడియోకి వచ్చేవాళ్లు మొదట నేర్చుకోవాల్సిన అలవాటు ఇది.

ఒక మాట, ఒక ఫైల్, ఒక కుటుంబం

ఇప్పుడు నిజంగా జాగ్రత్తగా చదవాల్సిన భాగం. కొల్లేరు అభయారణ్యం. ఐదో కాంటూరు లోపల చేపల చెరువులు చట్టవిరుద్ధం. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో వాటిని పెద్ద ఎత్తున ధ్వంసం చేశారు. గట్లు పగిలిన రోజు ఎవరి పెట్టుబడి పోయిందో, ఎవరి అప్పు మిగిలిందో ఆ ఊళ్లలో ప్రతి ఇంటికీ తెలుసు. మరోవైపు ఆ చెరువుల వల్లే సరస్సు ఊపిరాడక కుదించుకుపోయిందన్నదీ నిజమే. వాదన ఇంకా తెగలేదు.

ఇలాంటి చోట మీరు సరదాగా రికార్డ్ చేసిన నలభై నిమిషాల్లో ఒకాయన మాటల మధ్యలో "మా చెరువు అక్కడే, ఫలానా గట్టు పక్కన" అనేస్తాడు. మీకు అది అందమైన వివరం. రేపు ఎవరికో అది సాక్ష్యం. పేరు తీసేస్తే సరిపోదు, ఊళ్లో గొంతు వింటే ఎవరో అందరికీ తెలిసిపోతుంది. అందుకే రికార్డింగ్‌కి ముందు అడిగిన పర్మిషన్ ఒక్కటే చాలదు. ఎడిట్ చేశాక ఆ ముక్క వాళ్లకే వినిపించి, "ఇది బయట పెట్టమంటారా?" అని మళ్లీ అడగాలి. వద్దంటే తీసేయాలి. ఆ ముక్క ఎపిసోడ్‌లో కెల్లా బాగున్నా సరే తీసేయాలి.

ఫోన్ మీ బదులు చెప్పేసే సంగతులు కూడా ఉంటాయి. ఐఫోన్ వాయిస్ మెమోస్‌లో లొకేషన్ పేరుతో ఫైల్‌కి పేరు పెట్టే సెట్టింగ్ ఉంది. మీరు ఎవరితో మాట్లాడారో చెప్పకపోయినా, ఎక్కడ మాట్లాడారో ఫైల్ పేరే చెప్పేస్తుంది. సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆపేయండి. ఎపిసోడ్ కవర్‌కి అక్కడే తీసిన ఫోటో వాడుతుంటే దాంట్లోని లొకేషన్ డేటా కూడా తీసేయండి. ఆండ్రాయిడ్ కెమెరా సెట్టింగ్స్‌లో లొకేషన్ ట్యాగ్ ఆఫ్ చేస్తే మొదటికే రాదు.

ఫైల్ సైజులు, ఫీడ్, మిగతావి

రికార్డింగ్ మాత్రం వేవ్ ఫార్మాట్‌లోనే ఉంచుకోండి. 48 కిలోహెర్ట్జ్, 16 బిట్, మోనో అయితే నిమిషానికి దాదాపు 5.8 ఎంబీ, అరగంటకి 173 ఎంబీ దాకా వస్తుంది. బయటికి వదిలేది 64 కేబీపీఎస్ మోనో ఎంపీ3 అయితే అదే అరగంట 14.4 ఎంబీ. మాటలకి ఇది సరిపోతుంది, సిగ్నల్ సరిగ్గా లేని లంక గ్రామంలో కూడా డౌన్‌లోడ్ అవుతుంది. లౌడ్‌నెస్ మైనస్ 16 ఎల్‌యూఎఫ్‌ఎస్ దగ్గర పెట్టండి, యాపిల్ అడిగేది అదే. ఆడాసిటీలో లౌడ్‌నెస్ నార్మలైజేషన్ అనే ఎఫెక్ట్ ఒక్క క్లిక్‌లో చేస్తుంది. కవర్ ఇమేజ్ చతురస్రం, 1400 నుంచి 3000 పిక్సెల్స్ మధ్య.

హోస్టింగ్‌కి ఒకప్పుడు యాంకర్ అని ఉండేది, 2019లో స్పాటిఫై కొనేసింది, పేరు మారుతూ మారుతూ ఇప్పుడు స్పాటిఫై ఫర్ క్రియేటర్స్ అయింది. ఉచితమే. గూగుల్ పాడ్‌కాస్ట్స్ యాప్ అయితే 2024లో మూతపడింది. కంపెనీలు ఇలా వస్తాయి, పోతాయి. పాడ్‌కాస్ట్‌కి ప్రాణం ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్, అది మీ చేతిలో ఉంటే ఎక్కడికైనా మారొచ్చు. ఒరిజినల్ వేవ్ ఫైళ్లు ఒక హార్డ్ డిస్క్‌లో, ఇంకో కాపీ క్లౌడ్‌లో. ఇందులో బద్ధకం వద్దు.

ట్రాన్స్‌క్రిప్ట్ విషయంలో ఏఐ మీద మరీ ఆశలు పెట్టుకోకండి. విస్పర్ లాంటి మోడళ్లు నేర్చుకున్న డేటాలో తెలుగు వాటా చాలా చిన్నది. ఐఐటీ మద్రాస్‌లోని ఏఐ4భారత్ మోడళ్లు మన భాషల కోసమే తయారైనవి కాబట్టి వాటితో మొదలుపెట్టడం మేలు. అయినా "మావు" దగ్గరికొచ్చేసరికి ఏ మోడలైనా "మామ" అనో "మాకు" అనో రాసే ప్రమాదం ఉంది. అలాంటి మాటలన్నీ చేత్తో సరిచేసి, ఎపిసోడ్ డిస్క్రిప్షన్‌లో చిన్న పదాల పట్టికగా పెట్టండి. ఏడాది తిరిగేసరికి మీ దగ్గర ఎవరి దగ్గరా లేని ఒక ఫైల్ తయారవుతుంది.

ఎపిసోడ్ ఫార్మాట్ మీ ఇష్టం. నేనైతే ప్రతి ఎపిసోడ్ మొదటి నిమిషాన్ని పోయిన వారం ఎపిసోడ్‌కి వదిలేయమంటాను. పోయిన వారం చెప్పినదాంట్లో ఈ వారం తెలిసిన కొత్త సంగతి ఏంటి, ఏది సరిదిద్దుకోవాలి. ఆ నిమిషం మాట్లాడేటప్పుడు నోట్స్ చూడొద్దు. చదివిందే మళ్లీ చదవడం కంటే చూడకుండా గుర్తు తెచ్చుకోవడం వల్ల వారం తర్వాత ఎక్కువ గుర్తుంటుందని రోడిగర్, కార్పికీ 2006లో విద్యార్థుల మీద చేసిన ప్రయోగాల్లో తేలింది. మిగతాదంతా ఒక్క ప్రశ్న, దాని వెంట పోవడం. పది, పన్నెండు నిమిషాలు చాలు. ఇంట్రో మ్యూజిక్ పది సెకన్లు దాటిందంటే నేను ఫార్వర్డ్ కొట్టేస్తాను, మీ శ్రోతలూ అంతే.

ఎపిసోడ్ బయటికొచ్చాక మొదటి కాపీ మాట్లాడిన వాళ్లకే వెళ్లాలి. లింక్ పంపితే చాలామంది పెద్దవాళ్లు తెరవరు, ఫైలే పంపండి. వాట్సాప్‌లో అటాచ్ బటన్ నొక్కి డాక్యుమెంట్‌గా పంపిస్తే క్వాలిటీ మారకుండా వెళ్తుంది. మాట్లాడినాయన దగ్గర ఉన్నది కీప్యాడ్ ఫోన్ అయితే మెమరీ కార్డులో ఎంపీ3 వేసి ఇవ్వండి, ఫైల్ పేరు మొదట్లో 01 అని పెట్టండి, పాటల లిస్టులో పైనే కనిపిస్తుంది.